రోత పుట్టించే మందు

సాయమ్మకు ఎనిమిదో నెల నడుస్తోంది. అందరికీ మూడో నెలతో తీరే వేవిళ్ళు ఈమెను మాత్రం పట్టుకుని వదల్లేదు. మేడ్చల్ స్టేషనులో రైలు ఆగితే, బొగ్గు పొగ వాడకు చేరకముందే ఆమెకు కడుపులో దేవేది. మొగుడు యాకోబు పట్టాల మీద గ్యాంగు పని చేసి, ఇనుప తుప్పూ చెమటా కలిసిన వాసనతో ఇంటికి వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. వీటినన్నా భరించవచ్చు. భరించలేనిది అత్త పెంటమ్మ చుట్ట. పెంటమ్మ పొద్దున లేచింది మొదలు నోట్లోంచి చుట్ట తియ్యదు. కూర్చున్న చోటే ఉమ్మి, దాని మీదికి మడమతో మట్టి తోస్తుంది. ఆ తర్వాత చెయ్యి కోకకు తుడుచుకుని మనవరాలికి అన్నం కలుపుతుంది. "నా చేతి ముద్ద తిన్నోళ్ళు ఎవ్వలు సావలే" అని పైగా గొప్ప. అదీ అబద్ధమే. మామ ఆ చేతి ముద్దలు ముప్పై ఏళ్ళు తిని పోయిన సంవత్సరమే పోయాడు.

తొలికాన్పు తల్లిగారింట్లో అయింది. ఇప్పుడు ఆ తల్లి లేదు. కాబట్టి రెండో పురుడు ఇక్కడే, ఈ ఒక్క అర్రలోనే. అందులో ఒక మూల గింజల కుండలు, ఒక మూల కోళ్ళ గంప, ఒక మూల పొయ్యి. మిగిలిన నాలుగో మూలలో మేక. బాలింతకు వెచ్చగా ఉంటుందని పెంటమ్మ ఆ మేక మూలనే ఖాయం చేసింది.

"మేకను బయట కట్టేసి జర అలుకు. అయిపాయె" అంది.

జర అలికితే పోయే కంపా అది? నాలుగేళ్ళుగా మేక మూత్రం తాగి తాగి అక్కడి నేల నల్లగా, మెత్తగా మారిపోయింది. గడ్డపార దింపితే లోపలినుంచి ఆవిరిలా వాసన కొట్టింది. తొమ్మిదో నెల దగ్గరపడ్డ మనిషి జానెడు లోతు తవ్వి, ఆ మట్టిని గంపలకెత్తి, మధ్య మధ్య గోడ పట్టుకుని కక్కుకుని, రెండు రోజులు మోసి పారబోసింది. తర్వాత ఎర్రమట్టి తెచ్చి నింపింది. పెంటమ్మ అరుగు మీద కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి దారినపోయే వాళ్ళందరికీ వివరంగా చెప్పింది.

బట్టల సంగతి ఇంకా అధ్వాన్నం. యుద్ధం రోజులు, బట్ట కంట్రోలు. కొత్తగుడ్డ మాట దేవుడెరుగు, పాతగుడ్డ కూడా చుట్టుపక్కల దొరకదు. పుట్టబోయే వాడికి పొత్తిగుడ్డలు ఎక్కడినుంచి వస్తాయి? పెంటమ్మ మూడు రోజులు ఆలోచించి, చివరికి అటక మీది కుండలోంచి ఒక ధోవతి తీసి సాయమ్మ ఒళ్ళో పడేసింది. మామ పోయిన నాడు ఒంటి మీద ఉన్న ధోవతి. జబ్బు మనిషి మరకలు పచ్చగా, గోధుమరంగుగా, దాని నిండా దేశపటంలాగా ఉన్నాయి.

"ఏందత్తా గిది?"

"మీ మామ గుడ్డ. సాకలోనికి ఇయ్యాల్సింది, మస్తు గట్టిది అని దాసిన. సింపు. పది గుడ్డలైతయి."

సాయమ్మ దాన్ని చేత్తో ముట్టకుండా కర్రతో ఎత్తింది. సవుడు మట్టి వేసి మూడుసార్లు ఉడకబెట్టింది. మూడో ఉడుకుకు నీళ్ళు తేటపడ్డాయి గానీ ఆమె మనసు తేటపడలేదు. చింపుతున్నంతసేపూ, చచ్చినవాడి పక్కనుంచి వచ్చి పుట్టేవాడి పక్కలోకి పోతున్న ఆ గుడ్డను చూసి ఒళ్ళు జలదరించింది.

ఇక సువార్త సంగతి. సువార్త అంటే సాయమ్మ పెద్ద బిడ్డ, రెండున్నరేళ్ళది. గుడి అయ్యగారు పెట్టిన పేరు. కడుపుతో ఉన్నవాళ్ళ ఇంట్లో చంటిది ఉంటే ఊళ్ళోవాళ్ళకు దాన్ని ఒక ప్రశ్న అడగకపోతే నిద్ర పట్టదు. చంటిపిల్ల నోట వచ్చిందే పుడుతుందని వాళ్ళ నమ్మకం.

"అమ్మ కడుపుల ఏముంది బిడ్డా? తమ్ముడా, చెల్లెనా?"

సువార్త వేలు నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "కుక్క" అనేది.

పెంటమ్మ మూడుసార్లు ఉమ్మేది. ఆదివారం దేవుని గుడి, మిగతా ఆరు రోజులు ఈ ఉమ్ములు. ఆమె భక్తి ఆమెది.

అసలు చిక్కు వేరే ఉంది. సువార్త ఇంకా పాలు మానలేదు. రోజంతా వాడలో కోళ్ళ వెంట తిరిగి, ఆకలి వేసినా, దెబ్బ తగిలినా, ఊరికే బుద్ధి పుట్టినా పరుగెత్తుకుంటూ వచ్చి తల్లి కొంగు కిందికి దూరేది. సాయమ్మకు ఇంట్లో ఉన్న అన్ని రోతల మధ్య ఆ ఒక్కటే రోతగా ఉండేది కాదు. పిల్ల తల మీద ఎండ వాసన, మట్టి వాసన ఉండేవి. ఈ ఎనిమిది నెలల్లో ఆమె ముక్కు ఒప్పుకున్న వాసన అదొక్కటే.

పెంటమ్మకు అది కంట్లో నలుసు. "కడుపుతోటున్న దాని పాలు ఇసం. గా పొల్ల తాగి సిక్కిపోతది, లోపటోడు పాలు లేక సిక్కిపోతడు. మాన్పియ్యి, లేకుంటే ఏసమ్మ తీస్కపోతది" అనేది.

ఏసమ్మ అంటే పెంటమ్మ కూతురు, యాకోబుకు అక్క. శామీర్‌పేటలో చెరువు కింద పొలం కౌలుకు చేస్తారు. నలుగురూ మగపిల్లలే. ఆ ఇంట్లో నీళ్ళు మొయ్యడానికి, అంట్లు తోమడానికి, మేకలకు తుమ్మకాయ ఏరడానికి ఆడపిల్ల లేదని ఆమె బాధ. అయిదేళ్ళ కిందట మరిది కూతుర్ని 'ఒక నెల ఉండి పోతది' అని తెచ్చుకుంది. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. ఆ పిల్ల ఇప్పటికీ అక్కడే అంట్లు తోముతోంది. చేతులు బొబ్బలెక్కి ముసలిదాని చేతుల్లా ఉంటాయి. సాయమ్మ కళ్ళారా చూసింది.

ఒక ఆదివారం ఏసమ్మ బండి కట్టించుకుని మేడ్చల్ గుడికి ఆరాధనకు వచ్చింది. ఆరాధన అయ్యాక ఇంటికి వచ్చి, అన్నం తిని, సువార్తను దగ్గరికి లాక్కుంది. దవడ పట్టి నోరు తెరిపించి పళ్ళు చూసింది. జబ్బలు పిసికి చూసింది. వెనక్కి తిప్పి నడుము చూసింది. అంగడిలో దూడను బేరం చేసే మనిషి కూడా అంతకంటే సిగ్గుగా చూస్తాడు.

"పొల్ల గట్టిదే" అంది తల్లితో. "మా ఇంట్ల సల్ల, పెరుగు తిని ఇంక గట్టిపడతది. పురుడయ్యేదాంక నా దగ్గరుంటది తియ్యి. ఒక్క యాడాది."

"యాడాదా?" అంది సాయమ్మ.

"అయితే రెండేండ్లు. నాకేం బరువా?"

సాయమ్మ మొగుడివైపు చూసింది. యాకోబు గోడ మీది పిల్లి. ఏ పక్క ముద్ద కనిపిస్తే ఆ పక్కకు దూకే రకం కూడా కాదు, గోడ మీదే ఉండి నిద్రపోయే రకం. పట్టాల మీద ఇరవై మందితో కలిసి ఇనుము ఎత్తుతాడు గానీ, ఇంట్లో ఒక్క మాట ఎత్తలేడు. అయినా ఆ రోజు ఎందుకో గొంతు సవరించుకున్నాడు.

"నెల దినాలల్ల పొల్ల పాలు మానితే ఈడనే ఉంటది. మానకపోతే అక్క తీస్కపోతది. గిది నా మాట."

తన జీవితంలో 'నా మాట' అన్నది అతనికి అదే మొదటిసారి. పెంటమ్మ, ఏసమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. పిల్ల మానదని వాళ్ళకు తెలుసు. తెలిసే ఒప్పుకున్నారు.

మరునాటినుంచి సాయమ్మ యుద్ధం మొదలుపెట్టింది. మొదట వేపాకు నూరి పూసుకుంది. సువార్త వచ్చింది, నాలుక పెట్టింది, మొహం చిట్లించింది, గౌను అంచుతో శుభ్రంగా తుడిచి మళ్ళీ తాగింది. నులిపురుగులకని పెంటమ్మ ఆ పిల్లకు ఏడాదినుంచీ వేపరసం తాగిస్తోంది మరి. చేదు దానికి చుట్టమైపోయింది.

తర్వాత కోమటి దుకాణంలో ముసాంబరం తెచ్చి అరగదీసి పూసుకుంది. అది వేపకు తాత. పిల్ల ఒక్కసారి రుచి చూసి వెల్లకిలా పడి ఏడ్చింది. ఒక పూటంతా ఏడ్చింది. గొంతు పోయి పిల్లికూతలా వచ్చేదాకా ఏడ్చింది. ఆ ఏడుపుకు తల్లి రొమ్ముల్లోంచి పాలు వాటంతట అవే కారి రవిక తడిసిపోయింది. సాయమ్మ గోలెం దగ్గరికి పోయి కడిగేసుకుని పిల్లను ఎత్తుకుంది.

"గట్లనైతే ఎట్ల మానుతది?" అంది పెంటమ్మ, పొగ వదులుతూ. "దానికి నాలిక మీద కాదు, కండ్లల్ల రోత పుట్టాలె. నిన్ను సూస్తెనే రోత పుట్టాలె. మీ ఆయనకు నేను గట్లనే మాన్పిన."

ఏం పెట్టి మాన్పిందో ఆమె చెప్పింది. అది ఇక్కడ రాయడం ఎందుకు? సాయమ్మ బయటికి పరుగెత్తి కక్కుకుంది.

కానీ ఆ మాట మాత్రం లోపల ఉండిపోయింది. రోజులు గడుస్తున్నాయి. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అంటూ వేళ్ళు మడిచే కొద్దీ ఏసమ్మ పిసికి చూసిన చిన్న జబ్బలు కళ్ళముందు ఆడేవి. దగ్గరుంచుకోవాలంటే దూరం కొట్టాలట. ఏం న్యాయమో ఇది. ఎవరు కనిపెట్టారో గానీ వాడి నోట్లో మన్ను పడ!

మూడో ఆదివారం ఏసమ్మ మళ్ళీ వచ్చింది. వచ్చింది ఆరాధనకు కాదు, పిల్ల మానిందో లేదో చూసుకోవడానికి. బండి చింతచెట్టు కింద ఆపి, ఎడ్లను విప్పి, లోపలికి పోయింది. సాయమ్మ నీళ్ళకని కుండ పట్టుకుని బయటికి వచ్చింది. బండి కింద ఇరుసు పక్కన కందెన బుడ్డి వేలాడుతోంది. చక్రాలు కిర్రుమనకుండా ఇరుసుకు పూసే జిడ్డు అది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి, ఎండకూ దుమ్ముకూ నానీ నానీ తారులా సాగుతుంది. దాని మీద నాలుగు ఈగలు అతుక్కుని చచ్చి ఉన్నాయి.

సాయమ్మ చాలాసేపు దానివంక చూస్తూ నిలబడింది. తర్వాత మోదుగాకు దొన్నెలో గుప్పెడు తీసుకుంది. దొడ్లో మేక రుద్దుకున్న కంచెకు అంటుకున్న నల్లవెంట్రుకలు పీకింది. గోడ వెనక్కి పోయి, రవిక విప్పి, ఆ జిడ్డంతా ఒంటికి పూసుకుని, దాని మీద వెంట్రుకలు అద్దుకుంది. కాలిన ఆముదం కంపు గొంతులోకి దిగింది. ఇది తన ఒళ్ళేనా అనిపించింది. పిల్ల ముద్దుగా తల ఆనించి పడుకునే చోటేనా అనిపించింది.

"సువార్తా! రా బిడ్డా. పాలు తాగుదువు రా."

పిలవకుండానే వచ్చే పిల్లను ఆ రోజు పిలిచింది. ఆ పాపం ఆమెకు తర్వాత ఎన్నాళ్ళకూ మింగుడుపడలేదు. పిల్ల నవ్వుకుంటూ వచ్చింది. రెండు చేతులతో కొంగు ఎత్తింది.

అరుపు విని పెంటమ్మ, ఏసమ్మ కూడా బయటికి వచ్చారు. సువార్త నాలుగడుగులు వెనక్కి పడి, నేల మీద పాకుతూ, మళ్ళీ వెనక్కి చూస్తూ అరుస్తోంది. సాయమ్మ పళ్ళ బిగువున చెప్పింది.

"ఛీ. కక్క. పురుగు వట్టింది బిడ్డా, అమ్మకు పురుగు వట్టింది. తాగొద్దు. తాగితే కరుస్తది."

"శెబ్బాష్" అంది పెంటమ్మ. కోడలిని ఆమె మెచ్చుకున్నది కూడా అదే మొదటిసారి.

ఏసమ్మ మాత్రం మొహం ముడుచుకుని, తన కందెన అంత ఎందుకు తీశావని కూడా అడక్కుండా, బండి కట్టించుకుని పోయింది.

మందు పనిచేసింది. కావలసినదానికంటే ఎక్కువే పనిచేసింది. సువార్త పాలు మానింది. పాలతో పాటు తల్లినీ మానింది. సాయమ్మ దగ్గరికి వస్తే గోడకు అతుక్కుపోయేది. సాయమ్మ ముద్ద పెడితే నోరు తెరిచేది కాదు, అదే ముద్ద అవ్వ పెడితే తినేది. ఆ చుట్ట కంపులో, ఆ ఉమ్మి చేతుల పక్కలో ముడుచుకుని పడుకునేది. సాయమ్మ కుంకుడు రసం పెట్టి, బూడిద పెట్టి, పీచు పెట్టి చర్మం ఎర్రబడేదాకా రుద్దుకుంది. మసి పోయింది గానీ ఆ జిడ్డు వాసన పోయినట్టు ఆమెకు అనిపించలేదు. తన ఒళ్ళంటే తనకే రోత పుట్టింది. ఇన్నాళ్ళూ పక్కవాళ్ళను చూసి ముక్కు మూసుకున్నది ఇప్పుడు తనను తాను చూసి మూసుకుంది.

ఒక్కటే ధైర్యం. పిల్ల ఇంట్లోనే ఉంది. దగ్గరికి రాకపోతే ఏమి, కళ్ళ ముందు ఉంది.

మరో మూడు వారాలకు నొప్పులు వచ్చాయి. ఎర్రమట్టి అలికిన మూలలో నులక మంచం వేశారు. మంత్రసాని వచ్చి, బొడ్డు కొయ్యడానికని కొడవలి తీసి తన కోకకే తుడిచింది. ఆ కొడవలితోనే పొద్దున గడ్డి కోసి ఉంటుంది. నొప్పుల మధ్యలోనే సాయమ్మ లేచి కూర్చుంది.

"మసలబెట్టు దాన్ని! మసలబెట్టకుంటే నా మీద చెయ్యి వెయ్యకు!"

మిషను దవాఖాన దొరసాని గుడిలో ఆడవాళ్ళకు చెప్పిన ముక్కల్లో ఆమెకు గుర్తున్నది అదొక్కటే. మంత్రసాని గొణుక్కుంటూ నీళ్ళు పెట్టింది. మధ్యాహ్నం రైలు కూత వేసేసరికి మగపిల్లవాడు పుట్టాడు.

పెంటమ్మ కాళ్ళకు ఎక్కడలేని బలం వచ్చింది. మోకాళ్ళ నొప్పులు ఎటు పోయాయో! వాడంతా తిరిగి చెప్పి వచ్చింది. వచ్చాక తన కట్టుబాట్లు మొదలుపెట్టింది. మొదటి పాలు చెడ్డవట. పసుపుపచ్చగా జిగురుగా ఉంటాయి, బిడ్డకు పడవట. రెండు రోజులపాటు మంత్రసాని పిండి, మూలన గుంటలో పోసి మట్టి కప్పింది. పసివాడికి గుడ్డపీలికతో చక్కెరనీళ్ళు, ఆముదపు చుక్క. వాడు ఆ పీలిక చీకి చీకి ఏడ్చాడు. సాయమ్మ మాట్లాడే ఓపిక లేక పడుకుని చూసింది. మట్టిలో ఇంకిపోతున్నది తన పాలు. చుట్టూ చీమలు మూగాయి.

సువార్త ఆ రెండు రోజులూ గడప మీదే కూర్చుంది. లోపలికి రాదు, దూరమూ పోదు. మంచం మీద కదులుతున్న చిన్న మూటను చూస్తూ ఉండేది.

మూడోరోజు పొద్దున ఏసమ్మ బండి దిగింది. మేనల్లుడికి ఒక గుడ్డ, తన తల్లికి ఒక సీసా నెయ్యి, సువార్తకు అరచేతంత బెల్లం ముక్క. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బెల్లం చేతికిచ్చింది. సువార్త వెళ్ళి కూర్చుంది. అమ్మ ఒళ్ళోకి పోయి నెల కావొస్తున్న పిల్ల, ఎవరి ఒళ్ళు దొరికినా కూర్చునే స్థితిలో ఉంది.

"సూడు, ఎట్ల కూసున్నదో" అంది ఏసమ్మ. "దీనికి తల్లి అక్కరలేదు. నేను తీస్కపోత."

"పాలు మానింది గదా ఒదినె" అంది సాయమ్మ. గొంతు పీలగా వచ్చింది. "మానితే ఈడనే ఉంటది అన్నరు."

"పాలు మానింది, నిన్ను సుత మానింది" అంది పెంటమ్మ. "ఈడ ఎందుకుండుడు? మొగపిలగాడు పుట్టిండు. నీకు వాడే సాలు. గిది ఓర్వలేక వాన్ని ఎప్పుడో పిసుకుతది. పోనియ్యి."

సాయమ్మ యాకోబును చూసింది. 'నా మాట' అన్న మనిషి. అతను గోడకు ఆనుకుని, బీడీ చెవి వెనక పెట్టుకుని, కాళ్ళ బొటనవేళ్ళను చూసుకుంటున్నాడు.

"నాలుగు దినాలు పోయి రానియ్యరాదు" అన్నాడు. "పరేషాన్ ఎందుకు?"

ఏరు దాటేదాకా కూడా ఆగలేదు, నడిమధ్యలోనే తెప్ప తగలేశాడు. సాయమ్మకు కడుపులోంచి ఒక్క ఉదుటున డోకు వచ్చింది. వేవిళ్ళు తీరిపోయాయి, ఇది వేరు. ఆ అర్రలో ఉన్న ముగ్గురు పెద్దవాళ్ళనూ చూస్తే వచ్చిన డోకు. మేక మూలను తవ్విపోసింది గానీ, వీళ్ళను తవ్విపొయ్యడానికి గడ్డపార ఎక్కడుంది?

ఇంతలో పసివాడు ఏడ్చాడు. మంత్రసాని, "ఇగ పాలు తెల్లగైనయి, పట్టు" అని వాణ్ణి తెచ్చి ఒళ్ళో పెట్టింది. సాయమ్మ కొంగు పక్కకు జరిపి, వాడి తల ఎత్తి దగ్గరికి తీసుకుంది.

బెల్లం ముక్క నేల మీద పడింది. సువార్త మేనత్త ఒళ్ళోంచి జారి పరుగెత్తుకొచ్చింది.

"వద్దు! వద్దు! కక్క! తమ్మునికి కక్క!"

రెండు చేతులతో వాడి కాలు పట్టుకుని లాగుతోంది. వాడు కెవ్వుమన్నాడు.

"అగో, సెప్పలేదా?" పెంటమ్మ లేచింది. "సంపుతది, తమ్మున్ని సంపుతది! పట్టు ఏసమ్మా దాన్ని!"

"ఆగుండ్రి!" అంది సాయమ్మ. ఆ గొంతుకు పెంటమ్మ నిజంగానే ఆగింది.

సువార్త తమ్ముణ్ణి కొట్టలేదు. కాలు వదిలేసి మంచం పట్టె ఎక్కింది. గౌను అంచు పైకి లాగి, దాని మీద ఉమ్మి, తల్లి రొమ్మును తుడవడం మొదలుపెట్టింది. గట్టిగా తుడిచింది. ఏడుస్తూ తుడిచింది. చూసింది, మళ్ళీ తుడిచింది. ఏమీ లేని చోట ఏదో ఉందన్నట్టు చిన్న గోళ్ళతో గీకింది.

సాయమ్మకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ పిల్ల తనను చూసి రోత పడిందనుకుంది. పిల్ల రోత పడలేదు. అమ్మకు పురుగు పట్టిందంటే నమ్మింది. నమ్మి, భయపడి, ఆ భయాన్ని ఒక్కతే మోసుకుంటూ గడప మీద కూర్చుంది. ఇప్పుడు ఆ పురుగు తమ్ముణ్ణి కరుస్తుందని వచ్చింది.

సువార్త చూపుడువేలితో ఒక చుక్క తీసుకుంది. కూర ఉప్పు చూసే పెద్దముత్తైదువలాగా నాలుక మీద పెట్టుకుంది. చప్పరించింది. కళ్ళు పెద్దవి చేసి తల్లి మొహంలోకి చూసింది.

తర్వాత తమ్ముడి తల వెనక చెయ్యి పెట్టి దగ్గరికి తోసింది.

"తాగు తమ్మి. పోయింది."

వాడు నోటికి అందుకున్నాడు. ఏడుపు ఆగింది. సువార్త వాడినే చూస్తూ నిలబడింది. గుటక మింగింది. ఒక కాలు మీదినుంచి ఇంకో కాలు మీదికి మారింది. అడగలేదు. నెల కిందట అడగకుండానే కొంగు ఎత్తిన పిల్ల, ఇప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

సాయమ్మ రెండో చెయ్యి చాపి దాన్ని మంచం మీదికి లాక్కుంది. కొంగు రెండో పక్కకు కూడా జరిపింది.

"ఏందే నువ్వు జేసేది!" పెంటమ్మ చుట్ట పడేసింది. "మొగపిలగాని పాలు! గవి మొగపిలగాని పాలు!"

"పాలు నావి అత్తా."

"మళ్ళ మొదలు పెట్టిందిగా పొల్ల" అంది ఏసమ్మ, కొంగు బిగించి లేస్తూ. "ఇగ మాట ప్రకారం నాతోని రావాలె. ఏమంటవ్ తమ్మీ?"

యాకోబు నోరు తెరిచాడు. సాయమ్మ అతన్ని మూయించింది.

"నువ్వు ఏమనకు. నీ మాట నీళ్ళ మూట, నేను సూసిన. ఒదినె, నీ బండి కింది కందెన తీసి ఒంటికి పూసుకున్న నేను. సచ్చిన ఈగలతోని పూసుకున్న. నా బిడ్డకు నా మీద రోత పుట్టాలెనని. దానికి పుట్టలే. నాకే పుట్టింది, మీ అందరి మీద పుట్టింది. పొల్ల యాడికి రాదు. నీ ఇంట్ల నలుగురు కొడుకులున్నరు, అంట్లు వాళ్ళతోని తోమిపిచ్చుకో."

మంత్రసాని తలుపు వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

"బాలింత మాటలు" అంది పెంటమ్మ చివరికి. "ఒంట్ల వేడి. రేపటికి దిగుతది."

"దిగదు. ఇంకొకటి సెప్త, ఇను. ఇగనుంచి ఇంట్ల చుట్ట తాగొద్దు. ఉమ్మాలెనంటే వాడ దాటి పోయి ఉమ్ము. పొల్లకు అన్నం నేను కలుపుత." సాయమ్మ యాకోబు వైపు తిరిగింది. "పో, ఎడ్లను బండికి కట్టు. మీ అక్కకు పొద్దుపోతాంది."

యాకోబు ఒకసారి తల్లిని చూశాడు, ఒకసారి అక్కను చూశాడు. తర్వాత చెవి వెనక బీడీ సర్దుకుని, ఎడ్లు కట్టడానికి బయటికి పోయాడు.

ఇద్దరూ ఒక్కసారే తాగుతుంటే పచ్చి ఒంట్లో పేగులు మెలిపెట్టినట్టు నొప్పి లేచింది. సాయమ్మ పళ్ళు బిగించింది. సువార్త మోకాలు పొత్తికడుపు మీద గుచ్చుకుంటోంది. ఆ మోకాలును నెమ్మదిగా పక్కకు జరిపి, నులక మంచం మీద ఇద్దరికీ చాలేటట్టు ఒత్తిగిలి పడుకుంది.